ఎర్రపట్టీ కట్టిన మంద

దాణా మిల్లులో పొద్దున కాఫీకి కూర్చునే మగవాళ్లు ఎవరొచ్చినా ముఖం చూసి తల ఊపుతారు. ఆ రోజు ఆర్లిస్ తలుపు తోసుకుని లోపలికి వెళ్లేసరికి నలుగురూ ఆమె ముఖం చూడలేదు. కాళ్లకేసి చూశారు. చూసి, ఎవరి కప్పులోకి వాళ్లు తల దించుకున్నారు. మిల్లు యజమాని హార్లన్ నవ్వు ఆపుకోబోయి దగ్గాడు.

ఎందుకు చూశారో ఆమెకు వెంటనే తెలిసింది. ఆవుకు జబ్బు చేసి మందు వేస్తే దాని వెనక కాలికి ఎర్రపట్టీ చుడతారు. పితికే మనిషి ఎవరైనా సరే, పట్టీ కనబడితే ఆ పాలు ట్యాంకులోకి పోనివ్వరు. వేరే బకెట్లోకి పితికి మురుగుకాలవలో పోస్తారు. మందు కలిసిన పాలు ఒక్క ఆవువి పడ్డా ట్యాంకు ట్యాంకంతా నేలపాలే. ఆ లోయలో పిల్లలు అక్షరాలు నేర్చుకోకముందే ఎర్రపట్టీ అంటే ఏమిటో నేర్చుకుంటారు.

ఆర్లిస్ మాత్రలు మింగుతున్న సంగతి ఊరికి పొక్కిందన్నమాట. పొక్కించింది మరిది డెల్మార్ తప్ప ఇంకొకడు కాదు. మా వదిన కాలికో ఎర్రపట్టీ చుట్టాలి అని ఉంటాడు. వాళ్లు నవ్వి ఉంటారు. చెడ్డవాళ్లేం కాదు. ఎవరి కొట్టం తగలబడినా ముందు పరుగెత్తుకొచ్చేది ఆ నలుగురే. కాని కంటికి కనబడని జబ్బును ఏం చెయ్యాలో వాళ్లకు తెలియదు. తెలియనప్పుడు నవ్వుతారు.

ఆమె ఖనిజలవణాల బస్తా భుజాన వేసుకుని బయటికి వచ్చేసింది. ఆ నవ్వుకు కోపం రావాలి. రాలేదు. ఇంటిదాకా బండి నడుపుతూ కోపం కోసం లోపలంతా వెతుక్కుంది. ఖాళీ గాదెలో చెయ్యి పెట్టి తడిమినట్టుంది. అదే ఆమె జబ్బు.

ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. భర్త ఎల్డన్ పోయి చాలా ఏళ్లయింది. ఆ ఏడుపు ఆమె అప్పుడే ఏడ్చేసింది. ఇది వేరు. ఈ చలికాలం మంచుతో పాటు వచ్చి, మంచు కరిగినా పోలేదు. తిండి అట్టముక్క నమిలినట్టుండేది. ఆవు పాలు చేపిందో లేదో వేళ్లకు తెలిసేది కాదు. ఒక రోజు తెల్లారి చాలాసేపైనా లేవలేకపోయింది. పొదుగులు బిగిసి ఆవులు అరుస్తున్నాయి. ఆ అరుపులు ఆమెకు వినబడుతూనే ఉన్నాయి. లేవాలనీ తెలుసు. ఆ తెలిసినది కాళ్లదాకా వెళ్లలేదు. డెల్మార్ ట్రాక్టరు దిగి వచ్చి చూసేసరికి ఆమె కళ్లు తెరుచుకుని గోడకేసి చూస్తూ పడుకుని ఉంది.

మందలో సగం ఆమెది, సగం అతనిది. అరవై పాడి ఆవులు. పొలమూ గడ్డీ యంత్రాలూ డెల్మార్ చూసుకుంటాడు. కొట్టం ఆమెది. అతని మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి, ఆవు కింద వంగలేడు. ఆమె పడుకున్నాక పక్క లోయ నుంచి కూలికి మనిషిని పెట్టాల్సి వచ్చింది. ఆ మనిషి చేతికి సగం ఆవులు పాలు వదలక ఎగచేపేవి. అంతా చూసి డెల్మార్ ఒక మాట అన్నాడు. తొలి గడ్డికోత నాటికి నువ్వు రెండు పూటలా పితకగలిగితే మంద ఉంటుంది వదినా, లేకపోతే అమ్మేసి ట్రక్కు పిలుస్తాను అని. ఆర్లిస్ తల ఊపింది. ఆ రోజుల్లో ఇల్లు తగలబెడదామన్నా ఊపేదే.

డాక్టరు మాత్రలు రాసింది అప్పుడే. ఆర్లిస్ వాటిని కొట్టంలో మందుల ఫ్రిజ్‌లో పెట్టుకుంది, పొదుగువాపుకు చన్నులోకి ఎక్కించే గొట్టాల పక్కన. మందు అంటే ఆమెకు ఆ ఫ్రిజ్జే గుర్తొస్తుంది. గొట్టం ఎక్కిస్తే మూడు రోజుల్లో పాలలో గడ్డలు పోవాలి, పొదుగు మెత్తబడాలి. మెత్తబడలేదా, ఆ మందు పనికిరాదు. రెండో మందుకూ లొంగకపోతే ఆవే పనికిరాదు. తాతల నాటి నుంచి ఇంతే లెక్క. మాత్రలు మొదలుపెట్టి వారం దాటింది. తగ్గలేదు సరికదా కడుపులో తిప్పింది, ఒళ్లంతా చీమలు పాకినట్టయింది, ఉన్న కాస్త నిద్రా పోయింది. మానేసింది. మందు మారుద్దామని కూడా అనుకోలేదు. ఆవే పనికిరాదని తేల్చుకుంది.

మిల్లులో వాళ్లు నవ్విన వారంలోనే పశువుల డాక్టరు ఉర్సులా ఆవుల చూళ్లు చూడ్డానికి వచ్చింది. పొడుగూ లావూ ఉన్న మనిషి. భుజందాకా ప్లాస్టిక్ తొడుగు తొడుక్కుని, ఆవు వెనక నిలబడి, లోపల చెయ్యి పెట్టి, కళ్లు చూరుకేసి పెట్టి మాట్లాడుతుంది. నాలుగో ఆవు దగ్గర సూదిమందు కావాల్సి వచ్చి ఫ్రిజ్ తెరిచింది. నిండా మాత్రలున్న సీసా చేతికి తగిలింది. పేరు చదివింది.

"ఇది ఏ ఆవుది?"

"ముసలావుది" అంది ఆర్లిస్.

ఉర్సులా నవ్వలేదు. సీసా ఊపి చూసింది. "ఎన్నాళ్లు వేశావ్?"

ఆర్లిస్ చెప్పింది. వారం చూశాననీ, ఇంకా పాడైందనీ, ఇంతకాలం పని చెయ్యని మందు గొడ్డుకైనా ఎవరూ వెయ్యరనీ.

"గొడ్డుకు వేసేది పురుగును చంపే మందు. నీ తలకాయలో పురుగెక్కడుంది చంపడానికి?" అంటూ ఉర్సులా సీసా గట్టుమీద పెట్టి మళ్లీ ఆవు వెనక్కి వెళ్లింది. చెయ్యి లోపల పెట్టాక గాని ఆమెకు మాట సాగదు.

ఆమె చెప్పినదంతా ఆర్లిస్ గడ్డిబేలు మీద కూర్చుని విన్నది. తలలో ఒక నరం కణానికీ దాని పక్క కణానికీ మధ్య సందు ఉంటుందట. వెంట్రుకలో వెయ్యో వంతు కూడా ఉండదు. ఒక కణం ఆ సందులోకి చుక్కంత సరుకు వదులుతుంది. ఆ సరుకు అవతలి కణాన్ని తాకితే మాట చేరినట్టు. మనసు నడకకు సంబంధించిన అలాంటి సరుకుల్లో ఒకదాని పేరు సెరటోనిన్. మాట చేరాక సరుకు అక్కడే ఉండిపోకూడదు కదా. అందుకని వదిలిన కణం గోడలోనే తోడేసే మోటర్లుంటాయి. మన పాల మోటరు గాలి పీల్చి పాలు లాగితే, ఆ మోటరు ఉప్పు ఊపుతో లాగుతుంది. బయటి ఉప్పు లోపలికి దూకుతూ సెరటోనిన్‌ని వెంటబెట్టుకు పోతుంది. మాత్రలో ఉన్న మందు వెళ్లి సరిగ్గా ఆ మోటరు నోట్లో కూర్చుంటుంది. సెరటోనిన్ కూర్చోవాల్సిన గుంటలోనే. నోరు మూసుకుపోయింది, తోడటం ఆగింది, సరుకు సందులో నిలబడింది.

"మరి నిలబడితే నాకు తగ్గాలిగా" అంది ఆర్లిస్.

"మోటరు మొదటి మాత్రకే ఆగుతుంది. అదే తమాషా. ఆగినా తగ్గదు. నువ్వే చెప్పు, పాలు పితక్కుండా పొదుగులో వదిలేస్తే ఏమవుద్ది?"

"ఏమవుద్ది, పాలు తగ్గించేసుకుంటుంది. అలాగే వదిలేస్తే వట్టిపోతుంది."

"ఎందుకు?"

"నిండిపోయిందని పొదుగుకు తెలుస్తుంది."

"ఇదీ అంతే. సరుకు వదిలే కణానికి సొంత చెవులున్నాయి. తను వదిలింది ఎంతుందో తనే వింటుంది. మాత్ర పడగానే సందులో సరుకు నిలిచిపోయింది. అమ్మో, ఎక్కువ వదిలేశానని కణం భయపడి తగ్గించేస్తుంది. నువ్వు మోటరు ఆపావు, అది చేపడం మానేసింది. చెల్లుకు చెల్లు. నీకు మిగిలింది కడుపులో తిప్పడం."

చాలా రోజుల తర్వాత ఒక సంగతి ఆర్లిస్ లోపలికి వెళ్లి కూర్చుంది. ఇది ఆమెకు తెలిసిన సంగతే. చేతికి తెలిసిన సంగతి.

ఉర్సులా చెయ్యి బయటికి తీసి, ఈ ఆవుకు చూలు నిలిచింది అని చెప్పి, తొడుగు దులిపింది. పొదుగుకూ తలకూ తేడా ఒక్కటే అంది. పొదుగు ఆ మాట మరిచిపోదు, వట్టిపోయేదాకా వింటుంది. తలలో చెవులు అలా కాదు. వారాల తరబడి అదే రొద వింటే మొద్దుబారతాయి. కొన్నిటిని కణం లోపలికి లాగేసుకుంటుంది. అప్పుడు మళ్లీ సరుకు వదలడం మొదలుపెడుతుంది. మోటరు నోరు మూసే ఉంది, పైనుంచి ధార వస్తోంది. అప్పుడు గాని మాట అవతలికి గట్టిగా చేరదు. ఆ తర్వాత నరాలు కొత్త కొమ్మలు వేస్తాయంటారు, మేసిన గడ్డి చివుళ్లేసినట్టు. దాని మీద చదువుకున్నవాళ్లు ఇంకా పోట్లాడుకుంటున్నారు. అందరికీ పని చెయ్యదు కూడా. కొందరికి మందు మార్చాలి. కాని వారానికి తీర్పు చెప్పే మందు మాత్రం కాదు.

"అయితే నాలో సెరటోనిన్ అయిపోయిందా?"

"అలా అని ఎవరూ రుజువు చెయ్యలేదు. అది ఖాళీ ట్యాంకులో పాలు పొయ్యడం లాంటిది కాదు. కాలవ దారి మార్చడం లాంటిది. దారి పడ్డానికి టైం పడుతుంది."

"నీకింత ఎలా తెలుసు? నువ్వు చూసేది గొడ్లనేగా."

ఉర్సులా బకెట్లో చేతులు కడుక్కుంటోంది.

"నేనూ మింగుతున్నా కాబట్టి. ఈ లోయకు రాకముందు నుంచీ. నేను కుట్లేసిన ఆవుల పాలు ఊరంతా తాగుతోంది. ఎవడికీ ఏం కాలా."

"ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే నా కాళ్లకేసి చూస్తారని" అంది ఉర్సులా. మిల్లులో మాట ఆమె చెవినా పడిందన్నమాట. వెళ్తూ వెళ్తూ బండి అద్దం దించి, నీ అంతట నువ్వు మొదలెట్టకు, ముందు మీ డాక్టరు దగ్గరికి వెళ్లు, నేను నాలుగు కాళ్లున్న వాటికే మందు రాస్తాను అంది.

ఆర్లిస్ వెళ్లింది. డాక్టరు తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టించింది. ఈసారి సీసా ఫ్రిజ్‌లో పెట్టలేదు. వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన, వచ్చినవాళ్లకు కనబడేలా పెట్టింది. కడుపులో తిప్పినప్పుడల్లా అనుకుంది, చెవులు వింటున్నాయి, విననీ అని. అది ఓదార్పేమీ కాదు. కాని ఎదుటివాడెవడో తెలిశాక పోట్లాటకు నిలబడటం వేరు.

డెల్మార్ రోజూ వచ్చేవాడు. కాఫీ పోసుకుని, సీసాకేసి చూసి, ఇంకా చేపలేదా వదినా అనేవాడు. కొన్నాళ్లకు ఆర్లిస్ పొద్దుటి పూట లేచి కొట్టంలోకి వెళ్లగలిగింది. ఆవు పక్కటెముకలకు నుదురు ఆనించి కూర్చుంటే వెచ్చగా ఉందని తెలిసింది. సాయంత్రానికి మాత్రం ఒళ్లు తడిసిన బస్తాలా అయ్యేది. ఒక పూట ఆమె, ఒక పూట కూలి మనిషి. మాట రెండు పూటలకు. ఇంకా టైముందిలే అనుకుంది.

గడ్డి ఎవరి మాటా వినదు. ఆ ఏడు వసంతం ముందే వేడెక్కింది. ఎప్పుడూ కోతకొచ్చే వేళకు ఎంతో ముందే అల్ఫాల్ఫా గడ్డి మోకాలు దాటి మొగ్గేసింది. డెల్మార్ వంటింట్లోకి వచ్చి, టోపీ తియ్యకుండానే, గురువారం కోత మొదలెడుతున్నాననీ ఆ పొద్దునే గొడ్లు తోలే వెండెల్ ట్రక్కులు తెస్తాడనీ చెప్పాడు.

"నేను పొద్దున పితుకుతున్నా" అంది ఆర్లిస్.

"మాట రెండు పూటలకి."

"మందు పని మొదలెట్టింది డెల్మార్. ఇంకొన్నాళ్లు పడుతుంది."

"ఆవైతే ఇన్నాళ్లు ఆగేదానివా? నువ్వే ఎక్కించేదానివి ట్రక్కు."

మాట సూటిగా తగిలింది. అందులో అబద్ధం లేదు. ఎక్కించేదే. ఎన్నిటినో ఎక్కించింది. అప్పుడు ఆమెలో ఏదో వేడిగా అడుగు నుంచి గొంతుదాకా లేచింది. ఏమిటో మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక పోనివ్వకుండా బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. కోపం. ఆకలి కంటే ముందు, నవ్వు కంటే ముందు, అదే తిరిగొచ్చింది.

"అప్పుడు చలికాలం తల ఊపింది నేను కాదు. అది వెనక్కి తీసుకుంటున్నా" అంది.

"ఇది మాట్లాడేది మాత్ర" అన్నాడు డెల్మార్.

"మాత్ర మోటరు నోట్లో కూర్చుని ఉంది. దానికి మాట్లాడే తీరిక లేదు. ఇది నేను."

అతనికి అర్థం కాలేదు. తల తిప్పుకుని వెళ్లిపోయాడు. ట్రక్కులు వద్దని మాత్రం చెప్పలేదు.

బుధవారం ఆర్లిస్ మిల్లుకు వెళ్లింది. కాఫీ బల్ల దగ్గర ఆ నలుగురే ఉన్నారు. ఆమె నేరుగా గల్లా దగ్గరికి వెళ్లి, ఎర్ర టేపు చుట్టలు ఎన్నుంటే అన్నీ ఇవ్వమంది. కాలికి చుట్టుకుంటే తనంతట తనే అంటుకునే పట్టీ టేపు. ఇన్ని గొడ్లకు ఒక్కసారే జబ్బు చేసిందా అని హార్లన్ అడిగాడు. గొడ్లకు కాదు అంది ఆమె. ఈసారి ఎవరూ దగ్గలేదు.

గురువారం పొద్దున రెండు ట్రక్కులు వాకిట్లోకి వచ్చాయి. వెండెల్ దిగాడు. ముసలివాడు, ఆ చుట్టుపక్కల గొడ్లన్నీ తోలినవాడు. డెల్మార్ కొట్టం పెద్ద తలుపు జరిపి, జరిపినవాడు జరిపినట్టే నిలబడిపోయాడు.

రెండు వరసల్లో అరవై ఆవులు నెమరేస్తున్నాయి. ప్రతి ఆవు వెనక కాలికీ ఎర్రపట్టీ. ఆ చివర నుంచి ఈ చివరదాకా ఎర్ర గీత గీసినట్టుంది. నడిమి దారిలో ఆర్లిస్ నిలబడి ఉంది. ఆమె ఎడమ బూటు మీద కూడా ఎర్రపట్టీ ఉంది.

వెండెల్ వరసంతా చూశాడు. చివరికి ఆమె బూటు చూశాడు. "ఏం మందు వేశావమ్మా వీటికి?"

"ఏమీ వెయ్యలేదు. అబద్ధమాడను. మందు మీదున్నది నేనొక్కదాన్నే. అది తన గడువు పూర్తి చేసేదాకా ఈ కొట్టంలోంచి ఒక్క గిట్ట బయటికి రాదు."

"ఇప్పుకుందాం, ఎంతసేపు" అన్నాడు డెల్మార్. వంగబోయి మోకాలు పట్టేసి ఆగాడు. వెండెల్‌ని ఇప్పమన్నాడు.

వెండెల్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "మా నాన్న నేర్పిందొక్కటే నాకొచ్చు డెల్మార్. పట్టీ ఉన్నదాన్ని ఎక్కించను. పట్టీ కట్టినవాళ్లు తప్ప ఇంకొకళ్లు ఇప్పకూడదు. కట్టినావిడ ఇప్పనంటోంది."

"వాటికి జబ్బు లేదని ఆవిడే చెప్పిందిగా."

"చెప్పింది. చెప్పిన మనిషి కాలికీ పట్టీ ఉంది. నేను ఎవరి మాట వినాలి? పట్టీ మాటే వింటా." అతను బూటు కొనతో గడ్డిపోచ ఒకటి నెట్టి, గొంతు తగ్గించి అన్నాడు. "మా ఆవిడ చివరి రోజుల్లో మింగింది ఇలాంటివే. మధ్యలో మాన్పించింది నేనే. గొడ్ల లెక్క వేశా."

వెళ్లి ట్రక్కెక్కాడు. ఖాళీ ట్రక్కులు దిగువ మలుపు తిరిగేదాకా తలుపులు దడదడలాడుతూనే ఉన్నాయి.

కోతకు ట్రాక్టరు ఎక్కాల్సిన డెల్మార్ గడ్డిబేలు మీద కూర్చున్నాడు. ఆఖరికి, సాయంత్రం కూలి మనిషి వచ్చి ఈ పట్టీలు చూస్తే పాలన్నీ కాలవలో పోస్తాడు, ఆ సంగతి ఆలోచించావా అన్నాడు.

"కూలి మనిషిని రావద్దన్నా" అంది ఆర్లిస్. "సాయంత్రం నేనే పితుకుతా. పట్టీలు నేనే ఇప్పుకుంటా."

"ఒక్కదానివే? పడిపోతావ్."

"పడితే లేస్తా."

ఆ సాయంత్రం ఆమె నిజంగానే రెండుసార్లు ఆగి గోడకు ఆనుకోవాల్సి వచ్చింది. చేతులు బరువు. మందు ఇంకా సగం దారిలోనే ఉంది, ఆమెకు తెలుసు. డెల్మార్ గడ్డి కోసి వచ్చాడు, ఒంటినిండా పచ్చి వాసన. పిలవకుండానే చిన్న స్టూలు ఈడ్చుకుని ఒక్కో ఆవు వెనకా కూర్చుంటూ పట్టీలు ఇప్పడం మొదలుపెట్టాడు. ఆమె వద్దనలేదు. అతను ఇప్పినదాని కింద ఆమె పాల గొట్టాలు తగిలిస్తూ వచ్చింది. చివరి ఆవు అయ్యాక అతని చెయ్యి ఆమె బూటు వైపు వచ్చింది.

"దాన్ని ముట్టుకోకు" అంది.

శుక్రవారం సాయంత్రం ఊరంతా బారులో చేపల వేపుడుకు చేరుతుంది. ఆర్లిస్ చలికాలం మొదలైనప్పటి నుంచీ అటు వెళ్లలేదు. ఆ శుక్రవారం పాలు పితికేసి వెళ్లింది. ప్యాంటు అంచు పట్టీకి పైన మడిచి మరీ వెళ్లింది. ఉర్సులా ఒక మూల ఒంటరిగా తింటోంది. ఆమెకు తల ఊపి, ఆర్లిస్ మిల్లువాళ్ల బల్ల దగ్గరికే పోయి కుర్చీ లాక్కుంది. కాలు తీసి పక్క కుర్చీ మీద పెట్టింది.

"బాగా చూడు హార్లన్. మళ్లీ మళ్లీ దొంగచూపులెందుకు?"

హార్లన్ చూశాడు. అందరూ చూశారు. "ఎన్నాళ్లుంచుకుంటావు దాన్ని?" అన్నాడు చివరికి.

"డాక్టరు చెప్పేదాకా. పోయేదాకా ఉంచుకోమన్నా ఉంచుకుంటా. నా పాలు నీకెలాగూ పొయ్యను."

నలుగురూ నవ్వారు. ఆ నవ్వు వేరు. మూలనున్న ఉర్సులా తన పళ్లెం పట్టుకుని లేచి వచ్చి, ఆ బల్ల దగ్గరే చోటు చేసుకుని కూర్చుంది. టేపేమైనా మిగిలిందా ఆర్లిస్ అని, అందరికీ వినబడేలా అడిగింది. హార్లన్ నములుతున్నవాడు ఆగిపోయాడు.

జేబులో చుట్ట ఒకటి మిగిలింది. ఆర్లిస్ బల్ల మీదుగా విసిరింది. తన పళ్లెం వచ్చాక చేప తుంచి నోట్లో పెట్టుకుంది. కొంచెంసేపు నమిలి, కనుబొమలు ముడిచి, వేపుడు చేసే అతన్ని పిలిచింది.

"దీనికి ఉప్పు తక్కువైంది" అంది. "ఆ డబ్బా ఇటివ్వు."